మామూలు వేగం

పోయిన వారం దీపను సూర్యాపేట బస్టాండులో, మిర్యాలగూడ బస్సు కిటికీ పక్కన కూర్చోబెట్టి వదిలేశాం. ఆమెకు చేతిలో ఉద్యోగం ఉంది, బ్యాగులో స్టాప్‌వాచీ ఉంది, కడుపులో ఒక అబద్ధం ఉంది. ధర్మేందర్ సేటు రైస్‌మిల్లులో బియ్యం సంచులు నింపి కుట్టే ఆడవాళ్ల పనిని ఆమె పదిహేను రోజులు సెకన్ల లెక్కన కొలిచింది. ఒక సంచి మూతి మడిచి కుట్టడానికి పదకొండు సెకన్లు చాలని, అలా అయితే పన్నెండు మంది చేసే పని తొమ్మిది మందే చేయగలరని రిపోర్టు రాసి ఇచ్చేసింది. అదే మిల్లులో ఇరవై రెండేళ్లు బస్తాలు మోసి కన్నుమూసిన హమాలీ లాజరు తన తండ్రి అన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. కొలిచే చోట తెలిసినవాళ్లుంటే ముందే చెప్పాలన్నది ఆమె కంపెనీ రూలు. చెప్తే ఆ పని ఇంకొకరికి పోతుంది. పైగా, నిజం ఒప్పుకోవాలంటే, కొంచెం సిగ్గు కూడా వేసింది.

అందుకే మొదటి రోజు షెడ్డులో కుట్టు మిషన్ దగ్గరి నర్సమ్మ "బిడ్డా" అంటూ ఎదురొస్తే, పక్కన తన కంపెనీ మేనేజరు సుమన్ సార్ ఉన్నాడని, "మీరెవరు?" అని అడిగింది. చిన్నప్పుడు తండ్రికి సద్ది పట్టుకొచ్చినప్పుడల్లా తన జడ విప్పి మళ్లీ అల్లిన మనిషిని! లాజరు ఆమెను చెల్లె అని పిలిచేవాడు. దీపకు ఆమె నర్సత్త. ఆ ఒక్క మాట తర్వాత పదిహేను రోజులూ షెడ్డులో ఒక్క ఆడమనిషీ దీపను పలకరించలేదు.

ఇంతకీ శనివారం, సెలవు రోజున, ఈ ప్రయాణం దేనికంటే, టిఫిన్ డబ్బా కోసం. షెడ్డు కిటికీలో మరిచిపోయి వచ్చిందట. ఏ స్టీలు సామాన్ల దుకాణంలోనైనా దొరికే డబ్బా కోసం బస్సెక్కి అంత దూరం పోతున్నానంటే నవ్వుతారని దీపకూ తెలుసు. నవ్వడానికైనా పక్కన ఎవరో ఒకరు ఉండాలి కదా.

అసలు సంగతి ఆ కిరాయి గది. శుక్రవారం సాయంత్రం ఆరింటికి ఆఫీసు దాటిందంటే సోమవారం పొద్దున ఎనిమిది దాకా తన పేరు ఎవరి నోటా వినపడదు. అరవై రెండు గంటలు. కొలవడం అలవాటైన మనిషి కనుక ఒకసారి లెక్కేసి చూసుకుంది. వేయకుండా ఉండాల్సింది. అప్పటినుంచి శనివారం అనగానే గుండెల్లో రాయి పడుతోంది. గదిలో చాయ్ మరగడానికి నాలుగు నిమిషాల పది సెకన్లు, తాగడానికి ఆరు నిమిషాలు, గ్లాసు కడగడానికి ఇరవై సెకన్లు పడతాయి. ఆ తర్వాత పొద్దంతా మిగిలే ఉంటుంది. ఆ పొద్దును ఏం చేయాలో ఆమె చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.

బస్సు ఊరు దాటగానే సుమన్ ఫోన్ చేశాడు. కోదాడ మనిషి, మాట గబగబా వస్తుంది.

"దీపా, రిపోర్టు అదిరిపోయిందనుకో. సేటు గారు ఫుల్ ఖుషీ. నాలుగింటికి షెడ్డుకొస్తారంట. పదకొండు సెకన్లూ ఒకసారి కళ్లారా చూసుకుని సంతకం పెట్టేస్తానన్నారు. సోమవారం నుంచి మూడు లైన్లే నడుస్తాయి. నువ్వేం రావక్కర్లేదులే, నేను చూసుకుంటా."

"సరే సార్," అంది దీప. తాను అక్కడికే పోతున్నానని చెప్పలేదు. మూడింటికల్లా దిగి, డబ్బా తీసుకుని, మూడున్నరకు బయటపడితే సరిపోతుంది. మూడు లైన్లంటే ఉన్న నాలుగింట్లో ఒక లైను తగ్గుతుంది, ఒక లైనంటే ముగ్గురు ఆడవాళ్లు. ఆ ముగ్గురెవరన్న ఆలోచన రాగానే కిటికీలోంచి పొలాలు చూడటం మొదలుపెట్టింది.

*

మిల్లు గేటు దాటగానే ఉడికిన వడ్ల వాసన ముక్కుకు తగిలింది. పదిహేను రోజులూ ఆ వాసనను పట్టించుకోకుండా ఉండటానికి ఎంత కష్టపడిందో ఆమెకే తెలుసు. నాన్న చొక్కా వాసన అది. ఊక బూడిద మీద అడుగులు వేసుకుంటూ షెడ్డు వెనక గుమ్మం దగ్గరికి వచ్చి, చటుక్కున ఆగిపోయింది.

లోపల నవ్వులు వినిపిస్తున్నాయి.

తాను వాచీ పట్టుకుని నిలబడ్డ రోజుల్లో ఆ షెడ్డులో మిషన్ చప్పుడు తప్ప ఇంకో చప్పుడు వినలేదు. ఇది అదే షెడ్డేనా అన్న అనుమానం వచ్చి, దీప ఒకదాని మీద ఒకటి పేర్చిన బస్తాల నెట్టు చాటుకు జరిగి తొంగి చూసింది. అచ్చమ్మ తన కోడలు ఫోన్లో వంట చూసి చేసిన చేపల పులుసు సంగతి చెప్తోంది. ఆ పులుసును ఇంట్లో పిల్లి కూడా ముట్టలేదట. అందరికంటే చిన్నది మౌనిక, బియ్యం పడే గొట్టం కింద సంచి పట్టుకునే నవ్వి నవ్వి వంగిపోతోంది. నీళ్ల చెంబు ఒక చేతి నుంచి ఇంకో చేతికి పోతోంది. నర్సమ్మ బోర్లించిన నూనె డబ్బా మీద కూర్చుని ఉంది.

కూర్చుని! పదిహేను రోజులూ ఆమె కూర్చోగా దీప చూడలేదు.

సంచి ఆమె ముందుకు జరిగి వచ్చింది. నర్సమ్మ తొందరపడలేదు. ముందు సంచి మూతి లోపల చుట్టూ అరచేయి తిప్పి, అంచుకు అంటుకున్న గింజలను కిందికి రాల్చింది. తర్వాత మడిచింది. మడత మీద బొటనవేలితో ఒకసారి గీసింది. అప్పుడు తాడుకు వేలాడుతున్న మిషన్ దించి కుట్టి, దారం తెంపింది.

దీప నోట్లోనే లెక్క పెట్టుకుంది. పదహారు. ఇంకో సంచి పదిహేడు, తర్వాతది పదిహేను. ఇంకా పది సంచులు చూసింది. ఎటు తిప్పి చూసినా పదహారు దగ్గరే తేలుతోంది. ఆ గింజలు రాల్చడమన్నది తన కాగితాల్లో ఎక్కడా లేనే లేదు.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. వాచీ చూస్తే పనివాళ్లు నెమ్మదిస్తారని చదువుకుంది గానీ, వాచీ పోయాక నెమ్మదించేవాళ్ల గురించి ఎక్కడా చదవలేదు. తనను ఆటపట్టించారు. ఇప్పుడు సేటు వచ్చి ఈ పదహారు చూస్తే తన రిపోర్టు, తన ఉద్యోగం రెండూ గంగలో కలుస్తాయి. నెట్టు చాటు నుంచి బయటికి వచ్చేసింది.

"గిదేంది?" అంది. "పదిహేను రోజులు నాకు సూపిచ్చింది ఒకటి, గిప్పుడు చేసేది ఒకటి. నన్ను పిచ్చిదాన్ని చేసిన్రా?"

మిషన్ ఆగింది. ఆడవాళ్లంతా లేచి నిలబడ్డారు. మౌనిక చెంబును కొంగు చాటున దాచింది. దీప ఇంతకాలం ఆ షెడ్డులో పుస్తకంలో మాటలే మాట్లాడింది. కోపం ఆమె నోట్లోంచి ఇంటి మాటను లాగేసింది, ఆ సంగతి ఆమె గమనించనే లేదు. నర్సమ్మ గమనించింది. గుమ్మం వైపు చూసి మెల్లగా అడిగింది:

"నీ ఎంబడి సారొచ్చిండా?"

"రాలే."

"అయితె మాట్లాడొచ్చు." నర్సమ్మ గట్టిగా ఊపిరి వదిలి, తాను కూర్చున్న డబ్బాను దీప వైపు జరిపింది. "కూసో బిడ్డా. ఎంత సన్నగయినవే! గాడ కాంటా రూముల ఒక్కదానివే కూసొని తింటాంటె రోజూ సూస్తనే ఉన్న. సగం డబ్బా పారబోసినవ్."

దీప కూర్చోలేదు. "నాకు జవాబు చెప్పున్రి. నన్నెందుకు మోసం చేసిన్రు?"

"మోసమా?" నర్సమ్మ నిజంగానే బిత్తరపోయింది. "నీ పరీక్ష ఖరాబ్ కావొద్దని గద, మేం పానం మీదికి తెచ్చుకున్నది!"

"ఏం పరీక్ష?"

"సారు చెప్పలే? మొదటి రోజు అందర్ని నిలవెట్టి, 'దీప మేడం పదిహేను రోజులు మీ దగ్గర స్టడీ చేస్తారు, మీరు బాగా సహకరించాలి' అన్నడు. స్టడీ అంటె సదువే గద. నీ చేతిల అట్ట, కాయితాలు, పెన్ను, గడియారం. నిలవడి రాసుడు. గది పరీక్ష కాకపోతె ఇంకేంది?"

"మేం జల్ది కుడితె నీకు మార్కులు ఎక్కువొస్తయ్ అనుకున్నం," అంది అచ్చమ్మ వెనకనుంచి. "నువ్వు గడియారం లోపల పెట్టేదాంక నీళ్లు తాగొద్దు, మాట్లాడొద్దు, బాత్రూంకు పోవొద్దు అని నర్సక్క మాతోని ఒట్టేపిచ్చుకున్నది. గింజలు దులపకుండ కుడితె సూదులు ఇరిగినయ్. నువ్వు తిననీకి పోయినప్పుడు మార్సుకున్నం. సేతులు సూడు, ఇంక తగ్గలే."

దీప ఆ చేతులన్నీ చూసింది. అప్పుడు కూర్చుంది, ఆ డబ్బా మీదే.

"మరి నాతోని ఎందుకు మాట్లాడలే?" అని అడిగింది. "ఒక్కరన్న పలకరియ్యలే. నేనంటె కోపమనుకున్న."

నర్సమ్మ మిషన్ తాడును సవరించింది.

"నువ్వు నన్ను ఎవరని అడిగినవ్ బిడ్డా. బాధ కాలేదంటె అబద్ధమే. ఇంటికి పోయి మా ఆయన సోమన్నతోని చెప్పుకొని ఏడ్సిన. ఆయన నన్నే తిట్టిండు. 'లాజరు బిడ్డ ఊకెనే గట్లంటదా? ఎరికున్నోళ్లని తెలిస్తె పరీక్షల మార్కులు తక్కువేస్తరేమో. ఎరిక లేనట్టే ఉండు' అన్నడు. నిజమే అనిపించింది. ఇగ అందరికి చెప్పిన, ఎవ్వరు పలకరియ్యొద్దు, మాట్లాడితె ఎక్కడో ఒక్కకాడ నోరు జారుతది అని. మా నోళ్లు కట్టేసుకునుడు మాకు ఎంత కష్టమయిందో నీకు తెల్వది."

పదిహేను రోజులు కాంటా గదిలో గోడ వైపు తిరిగి అన్నం తింది దీప. గోడకు అవతల వీళ్లు తన కోసం నోరు మూసుకుని కూర్చున్నారు. మధ్యలో ఉన్నదల్లా ఒక్క ఇటుక మందం. ఆమెకు ఏడుపు వచ్చింది. ఆపుకుందామనుకుంది గానీ, ఆపుకోవడం చేతకాలేదు.

మౌనిక గబుక్కున వచ్చి పక్కన కూర్చుంది. "ఏడ్వకక్కా. నువ్వు పాసయినవ్ గద! నేను సూసిన. నువ్వు అట్ట గీడ పెట్టి ఫోన్ మాట్లాడనీకి పోతె, కాయితం మీద వంద అని ఏసి ఉంది. అన్ని కాయితాల మీద వందే. నూటికి నూరు! నేను ఉరికొచ్చి చెప్తె అందరం ఎంత సంబురపడ్డమో! అచ్చమ్మత్త బిస్కెట్లు తెప్పిచ్చి పంచింది."

దీప తల పైకెత్తి ఆ పిల్ల ముఖం చూసింది. వెలిగిపోతోంది ఆ ముఖం.

ఆ వంద ఏమిటో ఆ షెడ్డులో దీపకు ఒక్కదానికే తెలుసు. పని కొలిచేవాళ్లు సెకన్లు రాసి ఊరుకోరు. ఆ మనిషి ఎంత వేగంతో చేస్తోందో కూడా అంచనా కట్టి పక్కన ఒక అంకె వేస్తారు. వంద అంటే మామూలు వేగం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా, ఒళ్లు గుల్ల కాకుండా, మనిషి మనిషిలా చేసే పని. ఉరుకులు పెట్టి చేస్తుంటే నూట ఇరవై అని, ప్రాణం మీదికి తెచ్చుకుంటుంటే నూట నలభై ఐదు అని వేయాలి. అలా వేసి ఉంటే లెక్క దానంతట అదే సరిపోయి, పదకొండు పదహారు అయ్యేది. పన్నెండు మందీ పన్నెండు మందిగానే ఉండేవాళ్లు.

దీప మాత్రం అన్నిటికీ వందే వేసింది. ఎందుకంటే వాళ్ల మామూలు వేగం ఎంతో ఆమె ఎన్నడూ చూడలేదు. వాచీ తీయకముందు ఒక రోజంతా ఉత్త చేతులతో వాళ్ల మధ్య కూర్చో, మాట్లాడు, మనుషులను తెలుసుకో అని మొదటి పాఠంలోనే ఉంటుంది. ఆ రోజు కూర్చుంటే ఎవరో ఒకరు లాజరు పేరు ఎత్తుతారని, మొదటి గంటలోనే వాచీ తీసింది.

"వందంటె నూటికి నూరు కాదు మౌనికా," అంది. చెప్పక తప్పదు. చెప్పడం మొదలుపెట్టాక మధ్యలో ఆగకుండా అంతా చెప్పేసింది. పరీక్ష తనకు కాదు, వాళ్లకు. వాళ్లు ఉరికిన ఉరుకును తాను మామూలు అని రాసింది. సోమవారం నుంచి రోజూ అట్లాగే ఉరకాలి. అదీ తొమ్మిది మందే.

పైన ఎలివేటర్ వడ్లు మోసుకుంటూ గరగరలాడుతోంది.

"మరి తీసేసే ముగ్గురు ఎవరు?" అచ్చమ్మ అడిగింది.

"సేటు ఇష్టం."

సేటు ఇష్టమేమిటో ఊహించడానికి పెద్ద చదువులేం అక్కర్లేదు. అందరి చూపులూ నర్సమ్మ మీదికే పోయాయి. ఆమెకు యాభై ఎనిమిది. వేళ్ల కణుపులు వాచి ఉన్నాయి, కొన్ని పాతవి, కొన్ని ఈ పదిహేను రోజుల్లో వచ్చినవి. ఇంట్లో సోమన్నకు నడుం పడిపోయి నాలుగేళ్లయింది, వాళ్లకు ఈ పని తప్ప ఇంకో ఆధారం లేదు. ఇదంతా దీపకు తెలిసిందే. తెలిసి కూడా రిపోర్టులో ఆమెను 'ఆపరేటర్ నాలుగు' అని రాసింది.

నర్సమ్మ తన గురించి అడగలేదు. "నువ్వు తప్పు రాసినవని చెప్తె నీ నౌకరి పోతదా?" అంది.

దీప బ్యాగులోని వాచీని తడుముకుంది. తప్పు రాశానంటే ఎందుకు రాశావంటారు. ఎందుకంటే అన్నదానికి జవాబు లాజరు దగ్గర మొదలవుతుంది. దాచినందుకు కంపెనీ ఊరుకోదు. ఆ ఉద్యోగం పోతే ఆమెకు మిగిలేది ఆ గది, ఆ నాలుగు నిమిషాల పది సెకన్ల చాయ్.

బయట కారు ఆగిన చప్పుడైంది. నాలుగుకు ఇంకా పావుగంట ఉంది. సేట్లు ముందొచ్చినా, ఆలస్యంగా వచ్చినా అదే టైము.

*

ధర్మేందర్ సేటు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని వచ్చాడు. మనిషి చెడ్డవాడేం కాదు. మంచివాడని చెప్పడానికీ ఆధారాలు తక్కువే. వెనకాలే వచ్చిన సుమన్ దీపను చూసి మొహం ఇంత చేసుకున్నాడు.

"అరె, వచ్చేశావా దీపా! మంచిదే అయింది. సేటు గారూ, మా అమ్మాయి ఈవిడే. స్టడీ అంతా తనే చేసింది. వాచీ ఉందిగా అమ్మా?"

"ఉంది సార్."

"ఏది, ఒక్క సంచి కుట్టి సూపియ్యున్రి," అన్నాడు సేటు. "పదకొండంటె పదకొండు. సూసి సంతకం పెడ్త. నాకు ఇంకో కాడ పని ఉన్నది."

నర్సమ్మ ముందుకు వచ్చింది. కాలితో నూనె డబ్బాను పక్కకు నెట్టేసి, కొంగు బిగించి నడుముకు చెక్కుకుంది. పదిహేను రోజులూ దీప చూసిన నిలబడే తీరు అదే. ఇప్పుడు కదా తెలిసింది, అది ఆమె మామూలు తీరు కాదని. నిండిన సంచి జరిగి వచ్చి ముందు ఆగింది. నర్సమ్మ మిషన్ మీద చేయి వేసి దీప వైపు చూసింది.

"మేడం," అంది. "ఎట్ల కుట్టాలె?"

మేడం. ఇంత తెలిశాక కూడా, తన పని పోతుందని తెలిసి కూడా, నర్సమ్మ ఆ అబద్ధాన్ని ఇంకా పట్టుకునే ఉంది. దీప ఒక్కసారి తల ఊపితే చాలు. ఆ వాచిన వేళ్లు పదకొండు సెకన్లలో సంచి కుట్టి పడేస్తాయి. సేటు సంతకం పెడతాడు. ఉద్యోగం ఉంటుంది. శుక్రవారం సాయంత్రం నుంచి సోమవారం పొద్దున దాకా ఎవరూ పేరు పెట్టి పిలవరు, ఆ తర్వాత కూడా ఇక ఎప్పుడూ ఈ షెడ్డులో ఎవరూ బిడ్డా అనరు.

దీప వంగి, పక్కకు దొర్లిన డబ్బాను రెండు చేతులతో ఎత్తి, తెచ్చి నర్సమ్మ వెనక బోర్లించింది.

"నర్సత్తా, కూసో," అంది. "నువ్వు రోజూ కుట్టినట్టే కుట్టు."

"నర్సత్తా?" సుమన్ నవ్వబోయి ఆగిపోయాడు. "అత్తేంటి దీపా?"

దీప వాచీ నొక్కింది.

నర్సమ్మ కూర్చుంది. సంచి మూతి లోపల అరచేయి తిప్పి గింజలు రాల్చింది. ఐదు. మూతి మడిచింది. మడత మీద బొటనవేలు గీసింది. ఎనిమిది, తొమ్మిది. మిషన్ దించింది. పది. పదకొండు దాటిపోయింది, సూది ఇంకా సంచి నడిమధ్యలో ఉంది. షెడ్డులో మిగతా ఆడవాళ్లలో ఒక్కరూ కదల్లేదు. నర్సమ్మ అంచు దాకా కుట్టుకుంటూ పోయి దారం తెంపింది.

"పదహారు," అన్నాడు సేటు. ఆయన తన చేతి గడియారం చూసుకుంటూనే ఉన్నాడు. రుమాలు ముక్కు మీద నుంచి తీసి జేబులో పెట్టుకుని, దీప ముఖంలోకి, ఆ ముఖం ఎక్కడో చూసినట్టు, పరీక్షగా చూశాడు. "కాయితం మీద పదకొండు రాసిందీ నువ్వే. గిప్పుడు డబ్బా ఏసి కూసోవెట్టిందీ నువ్వే. అసలు ఎవరు నువ్వు?"

మొదటి రోజు ఇదే చోట నిలబడి దీప అడిగిన ప్రశ్నే అది.

నర్సమ్మ డబ్బా మీద నుంచి లేచి వచ్చి, వాచిన చేతిని దీప భుజం మీద వేసింది.

"చెప్పు బిడ్డా," అంది, అందరూ వినేటట్టు.